గృహనిర్మాణమున కలపయా, కలప మిశ్రమమా?

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అని మన పెద్దలు ఊరక చెప్పలేదు. ఏండ్ల తరబడి కూడబెట్టిన సొమ్ము ఈ రెండు కార్యములలోను కొద్ది నెలలలోనే వ్యయమగును. తొందరపడి చేసిన ఎంపికను తరువాత సరిదిద్దుకొనుట కష్టము. తిరువూరు వంటి ఊరిలో ఒక చిన్న ఉద్యోగియో, రైతో, దుకాణదారుడో ఇల్లు కట్ట మొదలిడి గోడలు లేచు వేళకు ఒక ప్రశ్న ఎదురగును. గుమ్మములు, కిటికీలు, తలుపులు దేనితో చేయించవలెను? ఇటీవల కొందరు మేడమీద ఆరుబయట పలకల నేల కూడ వేయించుచున్నారు, దానికేది తగును? కలప అడితికి పోయినచో టేకు ధర విని గుండె జల్లుమనును. ప్రక్క దుకాణమునకు పోయినచో “దీనికి చెద పట్టదు, నీరు దిగదు, ఇక జీవితాంతము చూచుకొన నక్కరలేదు” అని డబ్ల్యు.పి.సి. పలకలను చూపుదురు. ఇంటి పెద్ద రెంటి నడుమ నిలిచి, చివరకు పొరుగువారు ఏది వేయించిరో దానినే తానును వేయించును.

ఈ వ్యాసమున మనము ఈ విషయమును కొంత శాస్త్రదృష్టితో పరిశీలింతము. “ఏది మేలైనది?” అను ప్రశ్నకు సమాధానము లేదు. “ఇంటిలో ఏ చోట ఏది మేలైనది?” అని అడిగినప్పుడే సమాధానము లభించును.

కలప స్వభావము

కలప ఒకప్పుడు ప్రాణమున్న పదార్థము. చెట్టు వేళ్ళనుండి నీటిని పైకి కొనిపోవు సన్నని గొట్టముల సమూహమే కొయ్య. చెట్టును నరికిన తరువాత కూడ ఆ గొట్టముల గోడలు గాలిలోని తేమను పీల్చుచు, విడచుచు నుండును. వానకాలమున తలుపు బిగిసి, వేసవిలో వదులగుటకు ఇదియే కారణము. ఈ ఉబ్బుట, కుంచించుకొనుట నిలువున దాదాపు లేదు, అడ్డముగనే జరుగును. ఆరంగుళముల వెడల్పు గల టేకు పలక వానకాలము నుండి వేసవికి ఒకటి రెండు మిల్లీమీటర్లు సన్నగిలవచ్చును. అనుభవజ్ఞుడైన వడ్రంగి తలుపుపలకను చట్రమునకు మేకులతో బిగింపక, గాడిలో కదలుటకు చోటు విడచును. ఆ చోటు పనితనపు లోపము కాదు. కలప స్వభావమును తెలిసికొని చేసిన ఏర్పాటు.

కలపలోని తేమను లెక్కించుట సులభము. ఒక ముక్కను తూచి, వేడి పెట్టెలో బరువు తగ్గుట ఆగువరకు ఎండబెట్టి, మరల తూచవలెను. తగ్గిన బరువును ఎండిన బరువుచే భాగించి నూటితో గుణించినచో తేమ శాతము వచ్చును. 112 గ్రాముల ముక్క ఎండి 100 గ్రాములైనచో తేమ నూటికి 12. తలుపులకు, కిటికీలకు సుమారు ఈ పాటి తేమ గల కలప తగును. తేమ నూటికి ఇరువదికి లోబడి యున్నంతవరకు కొయ్యను కుళ్ళజేయు శిలీంధ్రములు పెరుగజాలవు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకొన్నచో కలప సంరక్షణలో సగము తెలిసినట్లే.

దీనికి దృష్టాంతము మన జిల్లాలోనే కలదు. కొండపల్లి బొమ్మలకు వాడు తెల్లపొణికి కొయ్య మిక్కిలి తేలిక, మెత్తన. బరువు మోయుటకు అది పనికిరాదు. అయినను కళాకారులు దానిని సన్నని సెగపై ఆరబెట్టి తేమ తీసి, బొమ్మను చెక్కి, రంగులు పూసిన తరువాత ఇంటి అలమరలో అది తరతరములు నిలుచును. అదే కొయ్యను వాకిట వానలో నిలిపినచో త్వరలోనే పాడగును. కావున ఒక కొయ్య ఎంతకాలము మన్నునో చెప్పుటకు దాని జాతి ఒక్కటియే చాలదు. అది నిలుచు చోటును కూడ చూడవలెను.

చేవ యున్న కలప

మ్రాను నడుమ నుండు ముదురు రంగు భాగమునకు తెలుగున చేవ అని పేరు. దాని చుట్టు తెల్లగా నుండు పైభాగము లేతది. పురుగునకు, చెదకు ప్రీతిపాత్రమైనది. టేకు నంతయు చెద తాకదను నమ్మకము లోకమున కలదు. అది సరి కాదు. టేకు చేవలోని సహజ తైలములే చెదను దూరముంచును. తెల్లభాగమునకు ఆ రక్షణ లేదు. లేత వయసున నరికిన తోటల టేకులో ఈ తెల్లభాగము ఎక్కువగా నుండును. అట్టి దానిని పూర్తి ధరకు కొని, రంగు వేయించి తృప్తిపడినవాడు పేరును కొన్నాడే గాని చేవను కొనలేదు. అడితిలో దుంగ కొసను, కోసిన పలక అంచును వెలుతురులో చూచినచో ఈ భేదము కంటికే తెలియును.

టేకు ఒక్కటియే కలప యనుకొనుట కూడ తగదు. వేగి మంచి గుమ్మములకు, తలుపులకు యోగ్యము. నల్లమద్ది బరువైనది, బలమైనది. అయితే సరిగా ఆరనిచో పగులును. వేపను పల్లెలలో గుమ్మములకు చిరకాలముగ వాడుచున్నారు. తుమ్మ బండ్లకు, నాగళ్ళకు ప్రసిద్ధి. ఇండ్ల పైకప్పులకు తాటి దూలములు, వాసములు వేయుట మొన్నటివరకు సామాన్యము. తాడి నిర్మాణము ఇతర వృక్షములకు విపరీతము: దాని వెలుపలి భాగము గట్టిది, లోపలిది మెత్తన. కావున వడ్రంగి తాటిలో లోపలి భాగమును తీసివేసి వెలుపలి దానిని వాడును. టేకులో వెలుపలి దానిని తీసివేసి లోపలి దానిని వాడును.

శొంటి కామేశం గారి మందు

చేవ లేని కొయ్యకు చేవ కల్పించుట సాధ్యమా? ఈ ప్రశ్నకు ప్రపంచమునకు సమాధానము చెప్పినవారిలో ఒకరి ఇంటిపేరు తెలుగువారికి సుపరిచితము. డెహ్రాడూన్‌లో 1906లో నెలకొల్పబడిన అటవీ పరిశోధన సంస్థలో పనిచేసిన శొంటి కామేశం గారు 1933లో రాగి, క్రోమియము, ఆర్సెనిక్ లవణములను కలిపి ఒక సంరక్షక ద్రావణమును కనుగొనిరి. రాగి శిలీంధ్రములను అరికట్టును. ఆర్సెనిక్ చెదను, పురుగును చంపును. క్రోమియము ఈ రెంటిని కొయ్య పోగులకు పట్టి యుంచి వాన నీటికి కరగిపోనీయదు. అంతకు పూర్వపు మందులు పెక్కు వానకు కొట్టుకొనిపోవుచుండెను. ఆ లోపమును తీర్చుటయే ఈ ఆవిష్కరణలోని విశేషము. దానికి 1938లో అమెరికా పేటెంటు కూడ లభించినది. ‘ఆస్కూ’ అను పేరుతో ఈ మందు వాడుకలోనికి వచ్చినది.

ఈ మందును కుంచెతో పూసిన చాలదు. కలపను మూతగల ఇనుప తొట్టిలో నుంచి, గాలిని తోడివేసి, ద్రావణమును ఒత్తిడితో లోనికి ఎక్కింపవలెను. ఇట్లు శుద్ధిచేసిన పైను కొయ్యతోనే ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున అమెరికాలో లెక్కలేనన్ని ఇండ్ల వెనుక చెక్క వసారాలు లేచినవి.

కాలక్రమమున ఆర్సెనిక్ వలని భయము పెరిగినది. పిల్లలు ఆడుకొను పలకల నుండి అది కొంత వెలికి వచ్చునని గుర్తించిరి. 2003 డిసెంబరు 31 తరువాత అమెరికాలో ఇండ్ల వాడుకకై ఈ మందుతో కలపను శుద్ధి చేయుట ఆగినది. నేడచ్చట ఆర్సెనిక్ లేని రాగి మందులు వాడుచున్నారు. వీనిలో రాగి ఎక్కువ. అది సాధారణ ఇనుప మేకును త్వరగా తినివేయును. కావున జింకు పూతగల మేకులనో, తుప్పు పట్టని ఉక్కు మరలనో వాడుదురు. మన ఇంటి లోపలి కలపకు బొరాక్సు, బోరిక్ ఆమ్లముల ద్రావణము చెదను, పురుగును ఆపుటకు తగిన మందు. అది నీట కరగును గనుక వానలో నుండు కలపకు పనికిరాదు.

కలప కొరత

ఒకప్పుడు భద్రాచలపు అడవులలోని టేకు దుంగలు తెప్పలుగా గోదావరిపై రాజమహేంద్రవరమునకు దిగివచ్చెడివి. ఆ సమృద్ధి నేడు లేదు. 1993లో కేంద్ర ప్రజాపనుల శాఖ తన నిర్మాణములలో కలప వాడుకను నిషేధించినది. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ తిరుముల్పాడ్ వ్యాజ్యములో సుప్రీంకోర్టు వెలువరించిన ఉత్తరువుతో అడవుల నరికివేతపైనను, అనుమతి లేని కోతమిల్లులపైనను కట్టుదిట్టములు ఏర్పడినవి. అడవులకు ఇది మేలు చేసినది. అదే సమయమున కలపకు మారుగా వచ్చిన వస్తువులకు విపణి తెరచుకొన్నది. ప్రజాపనుల శాఖ నిషేధము 2020లో తొలగింపబడినది. పద్ధతిగా పెంచి నరికిన చెట్టు స్థానమున మరల చెట్టు పెరుగును. ఎండిన కొయ్య బరువులో దాదాపు సగము చెట్టు గాలినుండి గ్రహించిన కర్బనమే. కావున పొలములలో పెంచిన కలపను వాడుట దోషము కాదను అభిప్రాయము బలపడినది.

మిశ్రమ పలకలు

మిశ్రమములన్నియు ఒకే జాతివి కావు. వీనిలో మూడు తెగలను వేరుగ గుర్తింపవలెను.

మొదటిది ప్లైవుడ్డు. పలుచని కొయ్యపొరలను ఒకదానిపై నొకటి అడ్డముగను నిలువుగను బేసి సంఖ్యలో పేర్చి జిగురుతో అదుముదురు. ఒక పొర అడ్డముగ సాగబోయిన ప్రక్క పొర నిలువు పోగులు దానిని పట్టియుంచును. దీని బలమంతయు జిగురులో నున్నది. సామాన్య రకమునకు భారత ప్రమాణ సంఖ్య 303. నీటికి ఓర్చు మెరైను రకమునకు 710. ఈ రెండవ దాని జిగురును డెబ్బదిరెండు గంటలు మరుగు నీటిలో నుంచి పరీక్షింతురు. పలకపై ఐ.ఎస్.ఐ. ముద్రను, ఈ సంఖ్యను చూడక దుకాణదారుని మాట నమ్మి కొనరాదు.

రెండవది పార్టికల్ బోర్డు, ఎం.డి.ఎఫ్. వంటివి. కొయ్య రజమును, పోగులను జిగురుతో ఒత్తి చేసినవి. ఇవి చవుక, నునుపు. నీరు తగిలినచో ఉబ్బి, ఎండినను పూర్వరూపమునకు రావు. మర ఒకసారి ఊడినచో అదే చోట మరల బిగియదు. పొడి గదిలో పుస్తకముల అరకు ఇవి చాలును. వంటింటి తొట్టి క్రింద వీనిని పెట్టుట డబ్బును నీటిపాలు చేయుటయే.

మూడవది డబ్ల్యు.పి.సి., అనగా కొయ్యపొట్టును ప్లాస్టిక్కుతో కరిగించి కలిపి పోతపోసిన పలక. మన విపణిలోని తలుపు పలకలలో సాధారణముగ పి.వి.సి. ఉండును; అమెరికాలోని నేల పలకలలో ఎక్కువగా పాలిథీను ఉండును. చెదకు ప్లాస్టిక్కు ఆహారము కాదు. నీటివలన ఇవి కుళ్ళవు. దుకాణదారుని మాటలో ఇంతవరకు నిజమున్నది. అతడు చెప్పని సంగతులు మూడు. ఒకటి, కలపతో పోల్చినచో ఇది త్వరగా వంగును. బరువు నిలకడగ నున్నచో కాలక్రమమున మరింత క్రుంగును. రెండు, ఎండకు ఇది నిలువున సాగును. మూడు మీటర్ల పలక ముప్పది డిగ్రీల వేడి పెరిగినచో మూడు నాలుగు మిల్లీమీటర్లు సాగవచ్చును. కలప నిలువున అర మిల్లీమీటరైనను సాగదు. వేసవిలో వేడి నలుబది డిగ్రీలు దాటు మన ప్రాంతమున ఇది చిన్న విషయము కాదు. మూడు, కలప తలుపు చెడినచో వడ్రంగి చిత్రిక పట్టి, ముక్క అతికి బాగుచేయును. పోతపోసిన పలక విరిగినచో దానిని మార్చవలసినదే.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. పనివారు విడచిపోయిన ముక్కలను పొయ్యిలో పెట్టుట మన ఇండ్లలో అలవాటు. పి.వి.సి. గల పలకను కాల్చినచో ఊపిరితిత్తులకు హాని చేయు ఆమ్లవాయువు పుట్టును. ఆర్సెనిక్ మందు ఎక్కించిన కలపను కాల్చినచో విషము పొగలోను బూడిదలోను చేరును. ఈ రెంటిని వంటచెరకుగ ఎన్నడును వాడరాదు. ఇంటిలోని స్త్రీలకు, పిల్లలకు ఈ సంగతి తప్పక తెలుపవలెను.

ఆరుబయటి పలకల నేల

అమెరికాలో స్థిరపడిన మన బంధువుల ఇండ్ల ఛాయాచిత్రములలో ఇంటి వెనుక చెక్క నేల కనబడును. దానిని డెక్కు అందురు. ఈ మాట ఓడలనుండి వచ్చినది; ఓడ పైతట్టునకే ఆ పేరు. తెలుగువారికిని ఓడల పని క్రొత్త కాదు. గోదావరి ముఖద్వారమున నున్న కోరంగి ఓడల నిర్మాణమునకు, మరమ్మతులకు పేరుపొందిన రేవు. 1839 నాటి తుపాను దానిని దెబ్బతీసినది. ఓడ పైతట్టునకు టేకును కోరుకొనుటకు కారణము స్పష్టము: ఎండ, వాన, ఉప్పునీరు మూటికిని అది ఓర్చును. రంగు వేయకున్నచో బూడిద వన్నెకు తిరుగును. అది పైరంగు మార్పే గాని బలహీనత కాదు.

అమెరికాలో 1990 తరువాత మిశ్రమ పలకలు డెక్కులకు వచ్చినవి. ఏటేట నూనె రాయు పని తప్పునని జనులు వానిని ఆదరించిరి. తొలినాటి పలకలు కొన్ని వెలిసి, బూజు పట్టినవి. పలకలోని కొయ్యపొట్టు తేమను పీల్చుటయే అందులకు కారణము. తరువాత పలక చుట్టు ప్లాస్టిక్కు తొడుగు వేసి ఆ లోపమును చాలవరకు సవరించిరి. అయితే పైపలక మిశ్రమమైనను దానిని మోయు అడుగు దూలములు అచ్చట నేటికిని సాధారణముగ మందు ఎక్కించిన కలపయే. మిశ్రమ పలక క్రుంగకుండుటకు ఆ దూలములను సుమారు పదునారు అంగుళముల ఎడముతోనే వేయుదురు. అనగా అచ్చట కూడ “కలపయా, మిశ్రమమా” అను ప్రశ్నకు జవాబు ఒకటి కాదు. బరువు మోయుచోట కలప, తొక్కుచోట మిశ్రమము.

మన మేడపై అట్టి నేల వేయదలచినవారు నాలుగు విషయములు చూచుకొనవలెను. పలకల నడుమ నీరు జారుటకు సందు ఉండవలెను. క్రింద నీరు నిలువక వాటము ఉండవలెను. అడుగు చట్రము జింకు పూసిన ఇనుముతోనో, మందు ఎక్కించిన కలపతోనో ఉండవలెను. మిశ్రమ పలక కొసల వద్ద సాగుటకు చోటు విడువవలెను. మరియొక మాట: ముదురు రంగు మిశ్రమ పలక మధ్యాహ్నపు ఎండలో కాలు మోపనీయదు. చెట్టునీడయో, పందిరియో లేనిచోట దానికై వ్యయము చేయుటకన్న తాండూరు బండయో, కడప బండయో పరచుట మేలు. మన పూర్వులు వీధి అరుగులను రాతితో కట్టుట బీదరికము వలననే కాదు. ఈ నేలను, ఈ ఎండను ఎరిగి చేసిన పని అది.

ఎక్కడ ఏది?

ఇంతవరకు చెప్పిన దానిని ఇంటి భాగములకు అన్వయింతము.

గుమ్మము: తెలుగున ద్వారబంధమన్నను, ఉర్దూ నుండి వచ్చిన చౌకట్టన్నను ఇది తలుపు బరువును పూర్తిగ మోయును. వీధి గుమ్మమునకు చేవగల కలపయే తగును. ఏడడుగుల ఎత్తు, మూడున్నర అడుగుల వెడల్పు, అయిదంగుళములు మూడంగుళముల కొలతగల గుమ్మమునకు గడపతో కలిపి ఇరువదియొక్క అడుగుల కొయ్య కావలెను. దానిని పదునైదుతో గుణించి నూటనలుబదినాలుగుచే భాగించినచో సుమారు 2.19 ఘనపుటడుగులు. ఈ లెక్క తెలిసినవాడు అడితిలో మోసపోడు.

గడప: చెద నేలనుండి మట్టి గొట్టములు కట్టుకొని పైకి వచ్చును. నేలను తాకు కొయ్యకే మొదటి ముప్పు. గుమ్మపు కాళ్ళను రాతిపై నిలుపుటయో, గడపను రాతితో వేయుటయో ఏ మందుకన్నను మేలైన ఉపాయము.

వీధి తలుపు: తాళము, గడియ, మరలు గట్టిగ పట్టవలెను. ఇచ్చట కలపకు సాటి లేదు. ధర భారమైనచో టేకునకు మారు వేగిని చూడవచ్చును.

స్నానపు గది తలుపు: ప్రతి దినము నీరు తగులును, బరువు మోయదు. ఇచ్చట డబ్ల్యు.పి.సి. కలపను మించును. ఇచ్చట టేకు వాడుట దుబారా.

వంటింటి అరలు: నీటి సమీపమున 710 సంఖ్యగల ప్లైవుడ్డు, పొడిచోట సామాన్య ప్లైవుడ్డు.

పొడి గదుల అరలు, మేజా బల్లలు: ఇచ్చట చవుక పలకలు వాడి, మిగిలిన ధనమును వీధి గుమ్మమునకు వెచ్చింపవచ్చును.

కొనుటకు ముందు ఏ పలకయైనను ఒక ముక్క అడిగి తెచ్చుకొని, మందమును కొలిచి, తూచి, ఒక రాత్రి నీట నుంచి, ఉదయమున మరల కొలిచి తూచవలెను. రూపాయి ఖర్చు లేని ఈ పరీక్షను పాఠశాల విద్యార్థి కూడ చేయగలడు. ఇంటిలో చదువుకొన్న పిల్లలున్నందుకు తలిదండ్రులకు కలుగవలసిన లాభములలో ఇది యొకటి.

ముగింపు

కలపను పొగడువారు దానిని నీటిలో నిలిపి నిందపాలు చేయుచున్నారు. మిశ్రమమును పొగడువారు దానిపై బరువు మోపి నిందపాలు చేయుచున్నారు. దోషము రెండు వస్తువులలోను లేదు. చోటును చూడని ఎంపికలో నున్నది. కృష్ణా, ఖమ్మం జిల్లాల మెట్టపొలములలో రైతులు పెంచు జామాయిలు, సుబాబుల్ వంటి చెట్లు కాగితమునకు, పలకలకు ముడిసరకగుచున్నవి. కావున మంచి మిశ్రమమునకు కూడ మూలము మన చెట్టే. దానిని అడవికి శత్రువుగను, కలపను పాతకాలపు వస్తువుగను భావించుట రెండును తొందరపాటులే.

ఇల్లు కట్టువారు ప్రతి భాగమునకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనవలెను: ఇది నేలను, నీటిని తాకునా? ఇది బరువు మోయునా? చెడినచో బాగుచేయువారు మన ఊరిలో కలరా? ఈ మూటికి జవాబు వ్రాసికొని అడితికి పోయినవానికి టేకు పేరును చూచి భయపడ నక్కరలేదు, క్రొత్త పలక మెరుపును చూచి భ్రమపడను నక్కరలేదు. అప్పు చేసి కట్టిన ఇంటిలో గుమ్మము అప్పు తీరకముందే చెదపాలు కాకూడదు. ఆ మాత్రపు వివేచనను ఇంటివారికి అందించుట మన చదువుల బాధ్యత.